మరణశిక్ష ఉండవలెనా?

పలివెల ఉమా కొప్పేశ్వరస్వామి కథను పెద్దల నోట విననివారు కోనసీమలో అరుదు. స్వామికి సమర్పింపవలసిన పూలదండను అర్చకుడొకడు ముందుగా తన ప్రియురాలి కొప్పున ముడిచి, పిమ్మట దానినే ఆలయమునకు తెచ్చుచుండెడివాడట. ఒకనాడు రాజు దర్శనమునకు వచ్చెను. ప్రసాదముగా ఇచ్చిన దండలో పొడవైన వెండ్రుక కనబడెను. ఇదేమని రాజు గద్దించెను. మన స్వామికి కొప్పున్నది ప్రభూ అని అర్చకుడు బొంకెను. తెల్లవారి వచ్చి చూతుననియు, కొప్పు లేకున్నచో తల తీయింతుననియు చెప్పి రాజు వెడలిపోయెను. ఆ రాత్రి అర్చకుడు గర్భాలయమున పడి విలపించెను. తెల్లవారునప్పటికి లింగమునకు కొప్పు మొలచి యుండెను. స్వామికి ఆ పేరు అట్లు వచ్చినదని స్థలపురాణము.

ఈ కథను మేము చిన్ననాటినుండి భక్తికథగనే వింటిమి. ఇందులో న్యాయమునకు సంబంధించిన ప్రశ్న యొకటి దాగియున్నదని చాలకాలము మాకు తోచలేదు. ఆ అర్చకుడు నిర్దోషి కాడు. అపచారము చేసెను, దానిని కప్పిపుచ్చుటకు అబద్ధమాడెను. స్వామి అతని తప్పును ఒప్పు అనలేదు. అతని తలను మాత్రము కాచెను. తప్పు చేసినవానిని దండించుట వేరు, వాని ప్రాణము తీయుట వేరు అను భేదము ఈ చిన్న కథలో ఇమిడియున్నది.

ఆ భేదము మాకు స్ఫురించుటకు కారణము ఒక సాయంకాలపు చర్చ. కొందరము ఆలయమండపమున కూర్చుండి యుండగా, రేడియో వార్తలు విని వచ్చిన మిత్రులొకరు ఏదో హత్యకేసులో ముద్దాయికి ఉరిశిక్ష పడినదని చెప్పిరి. మరుక్షణమే సభ రెండు పక్షములైనది. "చంపినవానిని జైలులో పెట్టి మేపుటకు మనము పన్నులు కట్టవలెనా?" అని ఒకరనిరి. "తీర్పు తప్పని రేపు తేలినచో, పోయిన ప్రాణమును ఏ కోర్టు తెచ్చి యిచ్చును?" అని మరియొకరనిరి. వాదము ముదురుచుండగా, దీపము పెట్టుటకు వచ్చిన ఒక వృద్ధురాలు ఆగి, "మీరందరు చంపినవాని సంగతే మాటలాడుచున్నారు. చచ్చినవాని తల్లి సంగతి ఒక్కరైనను తలచితిరా నాయనా?" అనెను. మేమందరము మౌనము వహించితిమి.

ఆమె ప్రశ్నకు సమాధానము చెప్పలేని వాదము, అది ఏ పక్షమువారిదైనను, సంపూర్ణము కాదు. కావున ఆ ప్రశ్నను మనసున ఉంచుకొనియే ఈ విషయమును పరిశీలింతము. ముందుగా చట్టము చెప్పునదేమో చూతము.

1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు అమలులో ఉన్న కాలమున, ఉరిశిక్షకు తగిన నేరము రుజువైనప్పుడు న్యాయమూర్తి ఉరి వేయక యావజ్జీవ శిక్ష వేసినచో, అట్లు ఏల చేసెనో కారణము వ్రాయవలసి యుండెను. అనగా ఉరి సామాన్యము, ప్రాణభిక్ష మినహాయింపు. 1955లో చేసిన సవరణ ఆ నిబంధనను తొలగించినది. 1974 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన కొత్త కోడు త్రాసును పూర్తిగా రెండవవైపునకు మొగ్గించినది. ఉరి వేయునప్పుడే ప్రత్యేక కారణములు వ్రాయవలెనని శాసించినది. ఇరువది యేండ్లలోపల సామాన్యము మినహాయింపైనది, మినహాయింపు సామాన్యమైనది.

అసలు మరణశిక్షయే రాజ్యాంగమునకు విరుద్ధమను వాదము 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఎదుటికి వచ్చినది. ఐదుగురు న్యాయమూర్తులలో నలుగురు అది రాజ్యాంగవిరుద్ధము కాదనిరి. కాని, అరుదైనవాటిలో అత్యంత అరుదైన సందర్భమునందు మాత్రమే, ఇతర శిక్షలన్నియు నిస్సందేహముగా చాలవని తేలినప్పుడే దానిని విధింపవలెనని హద్దు గీచిరి. ఐదవ న్యాయమూర్తి జస్టిస్ భగవతి అంగీకరింపలేదు. ఏ కేసు అరుదైనదో, ఏది కాదో తేల్చు కొలబద్ద లేనప్పుడు, ఒకని ప్రాణము ఆ కేసు ఏ న్యాయమూర్తి యెదుటికి పోవునను దానిమీద ఆధారపడునని ఆయన ఆక్షేపణ. ఈ ఆక్షేపణను గుర్తుంచుకొనవలెనని శ్రోతలను కోరుచున్నాము. దీనితో మనకు మరల పని కలదు. 2024 జూలై 1 నుండి పాత శిక్షాస్మృతికి బదులుగా భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. అందును హత్యకు మరణశిక్ష గాని యావజ్జీవ కారాగారము గాని అను రెండు మార్గములు నిలిచియే యున్నవి.

శిక్ష పడినంతమాత్రమున ఉరి అమలు కాదు. సెషన్స్ కోర్టు విధించిన మరణశిక్షను హైకోర్టు ధ్రువపరుపవలెను. పిమ్మట సుప్రీంకోర్టునకు అప్పీలు, తీర్పును పునఃపరిశీలింపుడను విన్నపము కలవు. అన్నియు ముగిసిన తరువాత రాజ్యాంగము 161వ అధికరణము క్రింద గవర్నరునకు, 72వ అధికరణము క్రింద రాష్ట్రపతికి క్షమాభిక్ష అర్జీ పెట్టుకొనవచ్చును. వారును మంత్రివర్గపు సలహామేరకే నడచుకొందురు. ఇన్ని మెట్లుండగా పొరపాటునకు చోటెక్కడిదని అడుగవచ్చును. అన్యదేశముల మాట తరువాత; మన తెలుగునాట జరిగిన సంగతులే చూతము.

1974లో ఆంధ్రప్రదేశ్ నుండి పోయిన ఈడిగ అనమ్మ కేసు సుప్రీంకోర్టు విచారించినది. ఒక స్త్రీని, ఆమె బిడ్డను చంపిన నేరము రుజువైనది. ఆ విషయమున సందేహము లేదు. నేరము చేసినదియు ఒక యువతి, ఒక బిడ్డ తల్లి. జస్టిస్ కృష్ణయ్యర్ ఆమె వయసును, ఆమె జీవితమున పడిన బాధలను, రెండేండ్లకు పైగా ఉరినీడలో గడపిన యాతనను లెక్కించి, శిక్షను యావజ్జీవముగా తగ్గించిరి. నేరమునే కాక నేరస్థుని గూడ చూడవలెనను సూత్రము మన దేశపు న్యాయములో వేళ్లూనుటకు ఈ తీర్పు ఒక కారణమైనది.

మరుసటి యేటనే ఇందుకు భిన్నమైన సంగతి జరిగినది. ఆదిలాబాదు జిల్లా రైతులు భూమయ్య, కిష్టాగౌడ్ నక్సలైటు ఉద్యమమునకు చెందినవారు. భూస్వాముల హత్యలకు సంబంధించి వారికి ఉరిశిక్ష పడినది. 1975 మే నెలలో జరుగవలసిన ఉరి చివరి ఘడియలలో హైకోర్టు కలుగజేసికొనుటచే ఆగినది. వారిని కాపాడుటకు న్యాయవాది కె. జి. కన్నబిరాన్ మొదలైనవారు శ్రమించిరి. దేశమున అనేకులు క్షమాభిక్ష కోరిరి. జూన్ మాసమున అత్యవసర పరిస్థితి వచ్చినది. పౌరహక్కులు స్తంభించినవి. పత్రికలపై సెన్సారు వచ్చినది. 1975 డిసెంబరు 1న హైదరాబాదు ముషీరాబాదు జైలులో ఆ యిద్దరిని ఉరితీసిరి. వారి రాజకీయములతో ఏకీభవింపనివారు సైతము, ఆ సమయమున ఆ ఉరి జరుగకుండవలసినదని అనుకొనిరి. ఏలయన, దేశము నోరు మూతబడిన వేళ జరిగిన ఆ పనిని తరువాత నోరు తెరచుకొన్నప్పుడు సరిదిద్దుటకు వీలులేకపోయినది.

మూడవది మన వాదమునకు అన్నిటికంటె కఠినమైన పరీక్ష. 1993 మార్చి 8న చిలకలూరిపేటకు పోవుచున్న ఆర్టీసీ బస్సులో ఇద్దరు యువకులు దోపిడీ చేయదలచి పెట్రోలు చల్లి నిప్పంటించిరి. 23 మంది ప్రయాణికులు మరణించిరి. ఊరికి పోవలెనని బస్సెక్కినవారు ఇల్లు చేరలేదు. ఆ యిండ్లలోని శోకమును ఏ న్యాయశాస్త్రమును తూచలేదు. ఉరిశిక్ష ఎవరికైనను తగునన్నచో వీరికి తగునని ప్రజలనుకొనుటలో ఆశ్చర్యమేమి? 1995లో పడిన ఉరిశిక్షను 1996లో సుప్రీంకోర్టు స్థిరపరచినది. క్షమాభిక్ష అర్జీని రాష్ట్రపతి తిరస్కరించిరి. 1997 మార్చిలో ఉరికి దినము నిర్ణయమైనది.

అప్పుడు మన రాష్ట్రమున పెద్ద చర్చ లేచినది. వారు దళితయువకులు, పేదలు. దోపిడీకి బయలుదేరిరే గాని అంతమందిని చంపవలెనని తలచి యుండలేదు. అది వారి చేయిదాటిన ఘోరము అని ఒక పక్షము. తలచిన తలపులతో పనియేమి, కాలిపోయినవారు 23 మంది కారా అని రెండవ పక్షము. రచయితలు, పౌరహక్కులవారు సంతకములు సేకరించిరి. ఉరికి ముందు సుప్రీంకోర్టు తలుపు తట్టిరి, ఉరి ఆగినది. రాష్ట్రపతి మారిరి. రెండవమారు పెట్టిన అర్జీపై 1998లో రాష్ట్రపతి కె. ఆర్. నారాయణన్ మరణశిక్షను యావజ్జీవముగా మార్చిరి.

ఇప్పుడు ఈ మూడింటిని ఒకచోట ఉంచి చూడుడు. రాజ్యాంగము ఒక్కటే. క్షమాభిక్ష అధికరణము ఒక్కటే. ఒకరిని కాచినది ఒక న్యాయమూర్తి మనస్సు. ఇద్దరిని బలిగొన్నది కాలవైపరీత్యము. మరి యిద్దరిని కాచినది, వారికొరకు సమయమునకు తలుపు తట్టినవారుండుట. ఆ తట్టినవారు లేకున్నచో, లేదా ఆ మార్చి 1997లో గాక 1975లో వచ్చి యున్నచో, ఫలితము వేరుగా ఉండెడిది. పలివెల అర్చకునికి ఒక రాత్రి గడువు దొరికినది. ఆ రాత్రి స్వామి పలికెను. మన చట్టములోను క్షమ అను కొప్పు కలదు. కాని అది ఎవరికి మొలచునో, ఎవరికి మొలవదో ఎవరు చెప్పగలరు? ఒక శిక్ష అమలు ఇట్లు తటస్థపడిన సంగతులపై ఆధారపడునప్పుడు దానిని న్యాయమనుట కష్టము. జస్టిస్ భగవతి ఆక్షేపణ ఇదియే.

ఇది మూడు కేసుల ముచ్చట మాత్రమే కాదు. ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయమువారు దేశములోని ఉరిశిక్ష ఖైదీలను కలిసికొని 2016లో ఒక నివేదిక ప్రకటించిరి. 2000 తరువాతి సుమారు పదిహేనేండ్లలో క్రింది కోర్టులు ఉరి విధించినవారిలో, పైకోర్టులలో ఫలితము తేలినవారు 1,486 మంది. వారిలో ఉరిశిక్ష నిలిచినది 73 మందికి మాత్రమే, అనగా నూటికి ఐదుగురికంటె తక్కువ. 970 మందికి శిక్ష తగ్గినది. 443 మంది అసలు నేరమే రుజువు కాలేదని విడుదలైరి. మరల చదువుదము: ఉరి వేయవలెనని ఒక న్యాయస్థానము తీర్మానించిన ప్రతి పదిమందిలో ముగ్గురి విషయమున నేరము నిలువలేదు. పైకోర్టులు పట్టుకొన్నవి గనుక వారు బ్రతికిరి. పైకోర్టులును మనుష్యులతో కూడినవే. ఆ ఖైదీలలో నూటికి 74 మంది పేదవారనియు ఆ నివేదిక తెలిపినది. మంచి న్యాయవాదిని పెట్టుకొనగలవాడు ఉరికంబమువరకు పోవుట అరుదని మన పల్లెలలో చెప్పుకొను మాటకు ఆ లెక్క సాక్ష్యము.

పొరపాటు ఎట్లు జరుగునో తెలియుటకు మన సమీపముననే ఒక ఉదాహరణము కలదు. 2007 డిసెంబరులో విజయవాడ సమీపమున ఒక హాస్టలులో విద్యార్థిని యొకతె దారుణహత్యకు గురియైనది. రాష్ట్రమంతయు అట్టుడికినది. మరుసటి యేట ఒక పేద యువకుని పట్టుకొనిరి. 2010లో కోర్టు అతనికి యావజ్జీవశిక్ష వేసినది. 2017 మార్చి 31న హైకోర్టు, అతడు నేరము చేసినట్లు రుజువు లేదని తీర్పు చెప్పి విడుదల చేసినది. అప్పటికి అతని యౌవనములో ఎనిమిదేండ్లు గడచిపోయినవి. రావులపాలెము దాటి, గౌతమి వంతెనమీదుగా మనము రాజమహేంద్రవరము పోవుదుము గదా. ఆ రాజమహేంద్రవరము సెంట్రల్ జైలునుండియే అతడు బయటికి వచ్చెను. ఎనిమిదేండ్లను తిరిగి యిచ్చుట ఎవరి తరము కాదు. కాని మనిషిని తిరిగి తల్లికి అప్పగించుట సాధ్యమైనది. ఆనాటి ప్రజాగ్రహమునకు లోబడి ఉరి వేసి యున్నచో, హైకోర్టు తీర్పు కాగితము ఎవరి చేతికిచ్చెడివారు? అదే జైలులోని ఉరికంబము 1976 తరువాత ఎవరి ప్రాణమును తీయలేదు. ఆ నిశ్శబ్దమువలన గోదావరిమండలములకు కలిగిన హాని యేదియు మాకు కనబడలేదు.

ఇంగ్లండులో ఇట్టి పొరపాటు ఉరికంబముదాక పోయినది. తిమొతీ ఎవాన్స్ అను కార్మికుని, కన్నబిడ్డను చంపినాడని 1950లో ఉరితీసిరి. మూడేండ్ల తరువాత, ఆ యింటిలోనే కాపురముండి ఎవాన్సుపై సాక్ష్యము చెప్పిన క్రిస్టీ అనువాడు వరుస హత్యలు చేసినవాడని బయటపడెను. 1965లో ఆ దేశము హత్యకు మరణశిక్షను ఆపివేసినది. 1966లో ఎవాన్సునకు క్షమాపణపత్రము వెలువడినది. అప్పటికి ఆయన పోయి పదునారేండ్లు.

ఇక రెండవ పక్షము వాదములను ఆదరముతో వినవలెను. మొదటిది భయము. ఉరి యుండుటవలననే హంతకులు వెనుకంజ వేయుదురని చాలమంది నమ్మకము. 1962లో లోక్‌సభలో జరిగిన చర్చ ఫలితముగా లా కమిషన్ ఈ విషయమును పరిశీలించి 1967లో తన 35వ నివేదిక నిచ్చినది. ఈ దేశపు వైశాల్యము, ప్రజల వైవిధ్యము, చదువుల స్థితి, శాంతిభద్రతల అవసరము చూడగా మరణశిక్షను రద్దుచేయు సాహసము చేయరాదని అప్పుడు చెప్పినది. ఆ కమిషనే, జస్టిస్ ఎ. పి. షా అధ్యక్షతన 2015లో ఇచ్చిన 262వ నివేదికలో, యావజ్జీవశిక్షకంటె ఉరి ఎక్కువగా నేరములను నిరోధించునని చూపు ఆధారము లేదనియు, ఉగ్రవాదము, దేశముపై యుద్ధము అనువాటికి తప్ప తక్కినవాటికి దానిని తీసివేయవలెననియు చెప్పినది. అమెరికా జాతీయ పరిశోధనా మండలి 2012లో, అంతవరకు జరిగిన అధ్యయనములు మరణశిక్ష హత్యలను తగ్గించునో పెంచునో తేల్చలేవని ప్రకటించినది. కెనడా 1976లో ఉరిని రద్దుచేసిన తరువాత హత్యలు పెరుగలేదు, తగ్గినవి. మన తిరువాన్కూరు సంస్థానము 1944లోనే రద్దుచేసి కొన్ని సంవత్సరములు ఉరి లేకయే నడచినది. నేరము చేయువానిని భయపెట్టునది శిక్ష ఎంత ఘోరమైనదను తలపుకంటె, తప్పక పట్టుబడుదునను తలపు. పోలీసు దర్యాప్తు సరిగా లేనిచోట ఉరికంబమెంత ఎత్తైనను ప్రయోజనము లేదు.

రెండవది ఖర్చు. ఖైదీని మేపుట మన పన్నులతోనే. కాని ఖైదీ జైలులో పనిచేయును. ఒక పౌరుని ప్రాణమును అన్నము ఖర్చుతో తూచు రాజ్యము, రేపు వృద్ధుని, రోగిని గూడ అదే త్రాసులో పెట్టదని ఎవరు హామీ ఇత్తురు?

మూడవది ప్రజాగ్రహము. దీనిని గూర్చి మాటలాడునప్పుడు మమ్ము మేము తప్పించుకొనరాదు. 2019 నవంబరులో హైదరాబాదు శివార్లలో యువ వైద్యురాలికి జరిగిన ఘోరము విని మా యిండ్లలో అన్నము సహించలేదు. డిసెంబరు 6 ఉదయము, నిందితులు నలుగురు పోలీసు కాల్పులలో మరణించిరను వార్త రాగానే మేమును సంతోషించితిమి. మాలో కొందరము మిఠాయిలు పంచితిమి. తరువాత సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్, పోలీసులు చంపవలెనను ఉద్దేశముతోనే కాల్చిరనియు, చనిపోయినవారిలో ముగ్గురు మైనరులనియు 2022లో తేల్చినది. వారు దోషులో కాదో చెప్పవలసిన న్యాయస్థానమునకు ఆ యవకాశమే లేకుండపోయినది. ఆనాటి మిఠాయి తీపి ఇప్పుడు నోట చేదుగా మారినది. ఆ నెలలోనే ఆంధ్రప్రదేశ్ శాసనసభ 21 దినములలో తీర్పు, అత్యాచారమునకు మరణశిక్ష అని దిశ బిల్లును ఆమోదించినది. అది చట్టముగా అమలులోనికి రాలేదు. కోపము ధర్మమైనదే కావచ్చును. కాని కోపము సాక్షులను ప్రశ్నింపదు, వయసు అడుగదు, తొందరపడును. అందుచేతనే పూర్వులు తీర్పును కోపగించినవాని చేతినుండి తీసి న్యాయస్థానము చేతిలో పెట్టిరి.

ఇప్పుడు దీపము పెట్ట వచ్చిన అవ్వ ప్రశ్నకు రావలెను. చచ్చినవాని తల్లి సంగతి యేమి?

ఈ ప్రశ్నను మన సారస్వతము ఏనాడో ఎదుర్కొన్నది. పోతన భాగవతము ప్రథమస్కంధములోని అశ్వత్థామ కథ మీ యింట పెద్దలకు తెలిసినదే. నిద్రించుచున్న ఉపపాండవులను అతడు వధించెను. అర్జునుడు అతనిని బంధించి ద్రౌపది యెదుట పడవేసెను. చంపవలసినదేయని భీముడు. అప్పుడు బిడ్డలను పోగొట్టుకొన్న ఆ తల్లియే వానిని విడువుమని వేడెను. తాను ఏడ్చుచున్నట్లు అతని తల్లి ఏడువరాదని ఆమె మాట. అట్లని అశ్వత్థామ శిక్ష లేక పోలేదు. అర్జునుడు అతని తల గొరిగి, శిరోమణిని తీసి, పాళెమునుండి వెడలగొట్టెను. తల తీయకుండ తలపై గర్వమును తీసెను. మహాభారతము శాంతిపర్వములో ద్యుమత్సేనునితో వాదించుచు సత్యవంతుడును, ఒక్క నేరస్థుని చంపినచో వాని తల్లిదండ్రులు, భార్య, బిడ్డలు నేరమెరుగని వారందరు హతులగుదురని చెప్పెను. అశోకచక్రవర్తి తన నాల్గవ స్తంభశాసనమున, మరణశిక్ష పడినవారికి మూడు దినముల గడువు నిచ్చెను.

ఐతే, ప్రతి తల్లియు ద్రౌపది కావలెనని శాసించు అధికారము మనకు లేదు. హంతకుడు బ్రతికియుండరాదని ఒక తల్లి కోరినచో ఆమెను నిందించువారు మానవులు కారు. మేము చెప్పునది మరియొకటి. ఆమె బాధను రాజ్యము తన ఉరిత్రాటికి ముడివేసి, అంతటితో బాధ్యత తీరినదని చేతులు కడుగుకొనరాదు. ఉరిశిక్ష పడిన కేసులు ఏండ్ల తరబడి సాగును. ప్రతి అప్పీలునందును, ప్రతి అర్జీయందును ఆ కుటుంబము గాయము మరల మరల రేగును. 2004 నుండి నేటివరకు మన దేశమున ఉరి అమలైనది ఎనిమిదిమందికి మాత్రమే. చివరి నలుగురిని 2020 మార్చి 20న ఢిల్లీ తీహారు జైలులో ఉరితీసిరి. అనగా వేలకొలది బాధితకుటుంబములకు ఉరి అనునది అందని పండు. వారికి నిజముగా కావలసినది త్వరితమైన దర్యాప్తు, తారుమారు కాని సాక్ష్యము, బ్రతుకుతెరువునకు ఆసరా. 2008 నాటి సవరణ ద్వారా బాధితులకు పరిహారము చెల్లించు పథకము చట్టములోనికి వచ్చినది. దానిని గూర్చి ఎరిగిన కుటుంబములు మన పల్లెలలో ఎన్ని?

ఉరి తీసివేసినచో హంతకుడు పదునాలుగేండ్లకు బయటికి వచ్చి మీసము దువ్వడా అని అడుగుదురు. ఇది చాలమందిలో ఉన్న పొరపాటు. యావజ్జీవము అనగా చట్టప్రకారము జీవితాంతము. కొన్ని తీవ్రనేరములలో పదునాలుగేండ్లు ముగియునంతవరకు విడుదల చేయనే రాదని చట్టము చెప్పినది గాని, ముగియగానే విడుదల చేయవలెనని చెప్పలేదు. పైగా ఇరువది, ముప్పది యేండ్లు గాని, జీవితాంతము గాని తగ్గింపులేని కారాగారము విధించు అధికారము హైకోర్టునకు, సుప్రీంకోర్టునకు కలదని 2015లో రాజ్యాంగ ధర్మాసనము స్థిరపరచినది. సమాజమును రక్షించుటకు అది చాలును. తరువాత పొరపాటు తేలినచో తలుపు తెరచుటకును అది వీలిచ్చును.

ఇంకొక మాట. రాజ్యాంగసభలో 1949 జూన్ 3న, ఉరిశిక్ష పడిన ప్రతివానికి సుప్రీంకోర్టునకు అప్పీలు హక్కు ఈయవలెనా అను చర్చ వచ్చినది. అంతకంటె మరణశిక్షనే రద్దుచేయుటను తాను సమర్థింతునని డాక్టర్ అంబేడ్కర్ పలికిరి. ఈ దేశప్రజలు అహింసను ఆచరణలో పాటింపకపోయినను, దానిని ధర్మముగా నమ్మినవారని ఆయన కారణము చెప్పిరి. 1958లో రాజ్యసభలో రద్దు తీర్మానము ప్రవేశపెట్టినవారు ప్రసిద్ధ నటుడు పృథ్వీరాజ్ కపూర్. 2022లో ఏర్పడిన మన కోనసీమ జిల్లా అదే యేట అంబేడ్కర్ పేరు ధరించినది. ఆ పేరు కార్యాలయముల బోర్డులపై ప్రతిదినము చూచుచున్నాము. ఆయన 1949లో అడిగిన దానికి సమాధానము మాత్రము ఇంకను ఈయలేదు.

మరునాడు మేము ఆ మండపమున మరల కలిసితిమి. అవ్వ వచ్చి దీపము పెట్టుచుండగా, ఆమెతో మా తీర్మానమును చెప్పితిమి: చచ్చినవాని తల్లికి రాజ్యము ఋణపడియున్నదనియు, ఆ ఋణమును ఇంకొక తల్లి కడుపుకోతతో తీర్పరాదనియు. ఆమె వెంటనే ఔననలేదు, కాదనలేదు. వత్తి సవరించి, కొంతసేపటికి, "స్వామి ఆ పూజారిని కాచినాడు, సరే. మరునాటినుండి దండ మాత్రము శుభ్రముగా వచ్చినదా?" అని అడిగెను.

మంచి ప్రశ్న. క్షమ తరువాత నేరము ఆగవలెను. ఆపవలసినది మనము, మన పోలీసులు, మన కోర్టులు, మన బడులు. ఉరికంబము ఆ పనిని మన బదులు చేయునను భ్రమ తొలగినప్పుడే ఆ పని మొదలగును. ఈ విషయమును ఈ రాత్రి భోజనముల వేళ మీ యింట చర్చింపవలెనని కోరుచున్నాము. మాతో ఏకీభవింపనివారు ఆ యింట నుందురు. వారి మాటను ముందుగా వినుడు.